అమ్మేవాళ్లు అడిగిన రేటును ‘మార్కెట్ ధర’గా చూపించడంపై ఫిర్యాదు

మహబూబ్‌నగర్

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: చార్మినార్ రూపాయి పేజీలో తప్పుడు మార్కెట్ ధర, తప్పుడు బరువు, తప్పుడు వెండి శాతం చూపించడం, నా డబ్బు వాపసు గురించి.

అయ్యా,

నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటి చార్మినార్ రూపాయి (చార్మినార్ బొమ్మ ఉన్న వెండి నాణెం) ఒకటి, హిజ్రీ 1330 సంవత్సరానిది, పాత నాణేలు అమ్మే మీ యాప్‌లో రూ. 5,400 పెట్టి కొన్నాను. అమ్మింది మీ కంపెనీయే, బిల్లు మీ పేరు మీదే ఉంది. పేజీలో ‘మార్కెట్ ధర రూ. 7,900’ అని రాసి కొట్టేసి, కింద ‘మీకు రూ. 5,400’ అని ఎర్ర అక్షరాల్లో పెట్టారు. గ్రేడ్ ఎక్స్‌ఎఫ్, అంటే కొద్దిగానే అరిగినది అన్నారు. పక్కన ‘అరుదైనది’ అన్న ముద్ర కూడా ఉంది. కొన్నాళ్లకు ఇంట్లో డబ్బు అవసరమై, మీ ‘మాకు అమ్మండి’ సేవలోనే అదే నాణేన్ని పెట్టాను. అప్పటికి మీరు నాణెం పెట్టి పంపిన హోల్డర్ (కవచం) కూడా విప్పలేదు. మీవాళ్లు ఇస్తామన్నది రూ. 2,600. కారణం: ‘కడిగిన నాణెం, గ్రేడ్ వీఎఫ్, ఈ రకానికి గిరాకీ తక్కువ.’ వీఎఫ్ అంటే ఎక్స్‌ఎఫ్ కంటే ఎక్కువ అరిగినదని.

డీలర్ కొనే రేటు, అమ్మే రేటు ఒకటి కాదని నాకు తెలుసు. షాపు నడవాలి, జీతాలు ఇవ్వాలి. ఆ తేడా మీద నాకు గొడవ లేదు. కానీ నాకు అమ్మేటప్పుడు ఎక్స్‌ఎఫ్ అయిన నాణెం నా దగ్గర కొనేటప్పుడు వీఎఫ్ ఎలా అయింది? కడిగిన సంగతి అమ్మేటప్పుడు ఎందుకు రాయలేదు? పాత వెండి నాణేన్ని కడిగి మెరిపిస్తే విలువ పడిపోతుందని నాణేలు సేకరించే ప్రతివాళ్లకూ తెలుసు. మీకు తెలియదంటే నేను నమ్మను.

అసలు సంగతి ఆ 7,900. అది ఎక్కడి నుంచి వచ్చిందని మీ కస్టమర్ కేర్ చాట్‌లో అడిగితే, చాలాసేపు తిప్పించుకున్నాక, ‘యాప్‌లో ప్రస్తుతం ఉన్న లిస్టింగ్‌ల సగటు’ అని చెప్పారు. అంటే ఆ ధరకు ఎవరూ కొనలేదు. అమ్మాలనుకునేవాళ్లు ఆశపడి పెట్టుకున్న అంకెలు అవి. నెలల తరబడి కదలకుండా పడి ఉన్న లిస్టింగ్‌లు కూడా ఆ సగటులోకే వస్తాయి. సరైన రేటుకు పెట్టిన నాణెం అమ్ముడుపోయి జాబితాలోంచి వెళ్లిపోతుంది, ఎక్కువకు పెట్టినవే మిగులుతాయి. కాబట్టి మీ సగటు ఎప్పుడూ పైకే ఉంటుంది. మా దగ్గర జడ్చర్ల బాదేపల్లి మార్కెట్ యార్డులో వేరుశనగ రేటు చెప్పేటప్పుడు ఆ రోజు నిజంగా అమ్ముడైన లాట్ల గరిష్ఠ, కనిష్ఠ ధరలు చెబుతారు. రైతు ఇంటి దగ్గర ఎంత వస్తుందనుకుని బయలుదేరాడో దాన్ని ఎవరూ బోర్డు మీద రాయరు.

ఇదే పద్ధతి వల్ల ఇంకేం జరుగుతోందో చూడండి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి అయిదు రూపాయల, పది రూపాయల బిళ్లలు చలామణీ కోసం వేసినవి, చిల్లరలో కూడా దొరికాయి. మీ యాప్‌లో ఒకరు వాటికి లక్ష పెట్టారు. దాంతో మీ ‘మార్కెట్ ధర’ వేలల్లోకి వెళ్లింది. 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని రాసి, ఒకవైపు హనుమంతుడి బొమ్మ ఉండే రాగి బిళ్లలు కంపెనీ వేసిన డబ్బు కానే కాదు, గుడి టోకెన్ల లాంటివి. వాటికీ మీ దగ్గర మార్కెట్ ధర ఉంది! పాత నాణేల కొనుగోళ్ల పేరుతో జరిగే మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రజలను హెచ్చరించింది. మీ యాప్‌లో అంకె చూసి మా వీధి పాలాయన తన పది రూపాయల బిళ్ల పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆయనకు నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నారాయణపేట టంకశాల రూపాయి పేజీ ఇంకా విచిత్రం. దిల్షాదాబాద్ అన్న పేరుతో వచ్చిన ఆ నాణేల మీద మా పాలమూరు వాళ్లకు సహజంగానే మోజు. ఆ పేజీలో అమ్మకందారు ఒక్కడే. అతను అడిగిన రేటే మార్కెట్ ధర అట. ఒక్క మనిషితో మార్కెట్ ఎలా అవుతుందండీ?

ఇక నా నాణెం పేజీలో మీరు రాసిన వివరాలు. ‘బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం’ అని ఉంది. అవి బ్రిటిష్ ఇండియా పాత రూపాయి లెక్కలు. నాది నిజాం హాలీ సిక్కా, అంటే హైదరాబాద్ సంస్థానం సొంతంగా వేసుకున్న నాణెం. ఆ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. మీ లెక్కన నాణెంలో దాదాపు 10.7 గ్రాముల వెండి ఉండాలి. నిజానికి ఉండేది 9.1 గ్రాములు. మీవాళ్లు 2,600 అన్న తర్వాతే హోల్డర్ విప్పి, క్లాక్ టవర్ దగ్గర బంగారం షాపులో తూకం వేయించాను. 11.1 గ్రాములు వచ్చింది, అరుగుదల పోను అది సరైన బరువే. నాణెం అసలుదే, మీ పేజీయే తప్పు. వెండి విలువ చూసి కొనేవాళ్లను ఈ ఒక్క తప్పే ముంచుతుంది.

రకం విషయంలోనూ అంతే. 1911లో, అంటే హిజ్రీ 1329లో, మహబూబ్ అలీ ఖాన్ (మా ఊరి పేరు ఆయనదే) పోయి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. నాణెం మీది చార్మినార్ బొమ్మ ద్వారంలో వాళ్ల పేర్ల మొదటి ఉర్దూ అక్షరం ఉంటుంది: తండ్రి నాణేల మీద ‘మీమ్’, కొడుకు నాణేల మీద ‘ఐన్’. మొదట్లో ఆ ఐన్ సగమే వేశారు, 1330లో పూర్తి అక్షరం వచ్చింది. సేకరించేవాళ్లు వీటిని వేర్వేరు రకాలుగా చూస్తారు. మీరు 1330 రూపాయలన్నిటినీ ఒకే పేజీలో వేసి, ఒకే ధర పెట్టి, ఒకే ఫొటో చూపిస్తున్నారు. ఆ ధర ఏ రకానిది? ఏ గ్రేడ్‌ది? ఎప్పటిది? వెండి రేటు రోజూ మారుతుంటే మీ ధర పక్కన తేదీ కూడా లేదు.

‘వేలం ధరలు’ అన్న విభాగం కూడా చూశాను. నాణేలకు గ్రేడ్ ఇచ్చే ఎన్‌జీసీ సంస్థ వాళ్లు గ్రేడ్ చేసి సీలు వేసిన యూఎన్‌సీ (చలామణీలో తిరగని) నాణేల వేలం ధరలు తెచ్చి, వీఎఫ్ నాణేల పక్కన పెట్టారు. ఆ అంకె హ్యామర్ ధరా (వేలంలో చివరి పాట), లేక దానికి బయర్స్ ప్రీమియం (కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ తీసుకునే రుసుము), జీఎస్టీ కలిపినదా అన్నది ఎక్కడా లేదు.

నేను కోరేది ఇది. నాణెం వెనక్కి తీసుకుని రూ. 5,400 పూర్తిగా నా ఖాతాలో వేయండి. ‘కలెక్షన్ వస్తువులకు రిటర్న్ లేదు’ అని మీవాళ్లు చాట్‌లో అన్నారు. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల్లో ఉంది, మీ కంపెనీ పాలసీ దానికంటే పెద్దది కాదు. ఇక లిస్టింగ్‌ల సగటును ‘మార్కెట్ ధర’ అనడం ఆపి, ‘అమ్మకందారులు అడుగుతున్న ధర’ అనే రాయండి. అమ్ముడైన ధరలు మీ సర్వర్లలో ఉంటాయి కదా. వాటిని తేదీ, రకం, గ్రేడ్‌తో చూపిస్తే మా లాంటివాళ్లకు చాలు. హాలీ సిక్కా బరువు, వెండి శాతం మాత్రం ఈ వారంలోనే సరిచేయండి, దానికి మీటింగులు అక్కర్లేదు.

అవే నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. లేకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కొనుగోలుదారు ఉండే చోటే వేసుకోవచ్చని 2019 చట్టం చెబుతోంది, అయిదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు.

బిల్లు, నేను కొన్న రోజు పేజీ స్క్రీన్‌షాట్, మీవాళ్ల రూ. 2,600 మెసేజ్, కస్టమర్ కేర్ చాట్, తూకం చీటీ ఫొటో ఈ లేఖతో జతచేశాను. నాణెం, హోల్డర్ ప్యాక్ చేసి ఉంచాను. పికప్ తేదీ ఒకరోజు ముందు చెబితే ఇంట్లో ఉంటాను. కొరియర్ ఖర్చు మీదే.

ఇట్లు,
మీ యాప్ కొనుగోలుదారు,
మహబూబ్‌నగర్