రికార్డులను బ్లాక్‌చెయిన్ ఎక్కించే ముందు దిద్దుబాటు దారి వేయండి: కేంద్ర ఐటీ మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మీ శాఖ 2021 డిసెంబరులో, పలు సర్వర్లు పంచుకునే, రాసింది చెరపలేని ఖాతా పుస్తకం లాంటి బ్లాక్‌చెయిన్‌పై జాతీయ వ్యూహపత్రాన్ని విడుదల చేసింది. 2024 సెప్టెంబరు 4న నేషనల్ బ్లాక్‌చెయిన్ ఫ్రేమ్‌వర్క్‌నూ, దానితోపాటు ‘విశ్వస్య’ సాఫ్ట్‌వేర్ స్టాక్‌నూ ప్రారంభించింది. భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లలోని జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) డేటా సెంటర్లలో అది నడుస్తోంది. వ్యూహం వచ్చింది, సాఫ్ట్‌వేర్ వచ్చింది, సర్వర్లూ వచ్చాయి. ఇక కావలసింది శాఖలన్నీ కట్టుబడాల్సిన విధానం. ఏ రికార్డు చెయిన్ ఎక్కాలి, ఏది ఎక్కకూడదు, తప్పు పడితే ఎవరు ఎన్ని రోజుల్లో దిద్దాలి, నోడ్లు (చెయిన్ ప్రతిని ఉంచి సరిచూసే సర్వర్లు) ఎవరి చేతిలో ఉండాలి అనేవి అందులో రాసి ఉండాలి. ప్రభుత్వ రికార్డుల వ్యవస్థలపై పనిచేసేవాళ్లుగా ఆ విధానంలో ఏముండాలో మీ ముందు పెడుతున్నాం.

భూమి రికార్డుతో మొదలుపెడతాం. తెలుగు రాష్ట్రాల్లో బ్లాక్‌చెయిన్ అనగానే ముందు వినిపించే మాట అదే. 2017లోనే అమరావతి ప్రాంతంలో భూరికార్డులపై ఈ ప్రయోగానికి ఆంధ్రప్రదేశ్ పూనుకుంది. తెలంగాణ పాసుపుస్తకంలో విస్తీర్ణం 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రప్రదేశ్ భూహక్కుల పత్రం 1బీలో అదే 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి గుంటలైతే 40, సెంట్లైతే 100. అంకె ఒకటే, నేల మీద తేడా 30 సెంట్లు. యూనిట్ రాయకుండా అంకెను మాత్రమే హాష్ చేసి (దాని నుంచి ఒక డిజిటల్ వేలిముద్ర తీసి) చెయిన్‌లో పెడితే, ఆ అయోమయానికి ప్రభుత్వమే ముద్ర వేసి భద్రపరిచినట్టవుతుంది.

పేర్లది ఇంకో తంటా. ‘శ్రీనివాస్’ చివర కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే యూనికోడ్ అక్షరం ఉంటే ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో తీసిన హాష్ ఒకటి వస్తుంది, లేకపోతే పూర్తిగా వేరేది వస్తుంది. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు. ఒకే కోడ్‌తో రాసినా, రెండు ముక్కలుగా రాసినా తెర మీద ‘పై’ ఒకేలా కనిపిస్తుంది. ఇలాంటి రూపాలను ఒకే తీరుకు తెచ్చే ఎన్‌ఎఫ్‌సీ పద్ధతిలోకి మారిస్తే ఐత్వం సర్దుకుంటుంది కానీ, ఆ కనబడని అక్షరం మాత్రం పోదు. తహసీల్దార్ ఆఫీసులో ఒక కీబోర్డుతో, మీసేవలో ఇంకో కీబోర్డుతో టైపు చేసిన ఒకే మనిషి పేరు ‘సరిపోలలేదు’ అని వెనక్కి రావడానికి ఇది చాలు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను నేరుగా హాష్ చేసినా ఇదే గతి. అదే ఫైలును డౌన్‌లోడ్ చేసినప్పుడల్లా సిస్టమ్ తేదీ, సమయం కొత్తగా చేరుస్తుంటే హాష్ ప్రతిసారీ మారుతుంది. అందుకే ప్రతి రకం రికార్డుకూ హాష్ తీసే ముందు ఏ ఫీల్డులు, ఏ వరుసలో, ఏ యూనిట్‌లో, ఏ యూనికోడ్ రూపంలో ఉండాలో నిర్దేశించే పత్రాన్ని 22 షెడ్యూల్డ్ భాషలకూ మీ శాఖే ప్రచురించాలి. దీన్ని రాష్ట్రాలకు వదిలేస్తే ఎవరి పద్ధతి వారిదవుతుంది.

అయినా మా అసలు ఆందోళన దిద్దుబాటు గురించే. తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి బ్లాక్‌చెయిన్ కాదు. కానీ దిద్దే అధికారాన్ని కింది స్థాయిలో తీసేసి రికార్డును బిగించేస్తే ఏమవుతుందో అది చూపించింది. 2020 చట్టంతో తహసీల్దార్ల దిద్దుబాటు అధికారాలు పోయాయి. సర్వే నంబరు తప్పుపడ్డా, పట్టా భూమి పొరపాటున నిషేధిత జాబితాలోకి వెళ్లినా రైతు మాడ్యూళ్ల వెంట, కలెక్టరేట్ చుట్టూ, చివరికి సివిల్ కోర్టుకు తిరగాల్సి వచ్చింది. సవరణకూ అప్పీలుకూ దారి పెట్టడానికి 2025లో భూభారతి పేరుతో మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది. మామూలు డేటాబేస్‌తోనే ఇంత జరిగితే, చెరపడానికి వీల్లేని చెయిన్ మీద ఏం జరుగుతుందో ఆలోచించండి.

చెయిన్‌లో దిద్దుబాటు అసాధ్యమేమీ కాదు, ముందే డిజైన్ చేయాలి. పాత ఎంట్రీ అలాగే ఉంటుంది. కొత్త ఎంట్రీలో పాతదాని హాష్, ఉత్తర్వు నంబరు, సవరణ కారణం, ఉత్తర్వు ఇచ్చిన అధికారి డిజిటల్ సంతకం ఉంటాయి. పౌరుడికిచ్చే నకలులో చెల్లుబాటయ్యేది పైన, చరిత్ర కింద కనిపించాలి. రాతతప్పులకు తహసీల్దార్ స్థాయిలో 15 రోజుల గడువు పెట్టండి. హక్కుకు సంబంధించిన వివాదాలకు ఆర్డీవో విచారణ, ఆపై అప్పీలు ఉండాలి. విచారణ నడిచినంతకాలం ఆ సర్వే నంబరుపై ‘వివాదంలో ఉంది’ అన్న గుర్తు ఆస్తి లావాదేవీలు చూపే ఈసీలోనూ కనబడాలి. చెయిన్ మీద తనంతట తానే అమలయ్యే ప్రోగ్రామైన స్మార్ట్ కాంట్రాక్టులో, డబ్బు జమకాగానే మ్యుటేషన్ (రికార్డులో యజమాని పేరు మార్పు) అయిపోయేలా రాస్తే, ఉదయం కోర్టు ఇచ్చిన స్టే ఆఫీసుకు చేరేలోపే మధ్యాహ్నం భూమి చేతులు మారిపోతుంది. కాబట్టి కోర్టుల ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-కోర్ట్స్ నుంచి స్టే నేరుగా వచ్చి లావాదేవీని ఆపే ఏర్పాటు లేని చోట ఆటోమేటిక్ మ్యుటేషన్‌కు అనుమతి ఇవ్వకండి.

రికార్డును ఎక్కించే ముందు ఒక గ్రామాన్ని యూనిట్‌గా తీసుకోండి. పహాణీ, ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే సెటిల్‌మెంట్ నాటి మూల రిజిస్టర్), రిజిస్ట్రేషన్ శాఖ డేటా మూడింటినీ సరిపోల్చి, తేడాల జాబితాను గ్రామ పంచాయతీ దగ్గర అంటించి, ప్రతి పట్టాదారుకూ నోటీసిచ్చి, 30 రోజులు అభ్యంతరాలు తీసుకోండి. తేడాలు తేలని సర్వే నంబర్లను పక్కన పెట్టి మిగిలినవే ఎక్కించండి. భూమి రాష్ట్ర జాబితాలోని అంశం, మీరు ఆదేశించలేరన్నది నిజమే. అయితే ఎన్‌ఐసీ మౌలిక వసతులు వాడుకోవడానికీ, కేంద్రం నిధులు పొందడానికీ దీన్ని షరతుగా పెట్టగలరు.

ఇక నోడ్ల సంగతి. ఇప్పుడున్న మూడు కేంద్రాలూ ఎన్‌ఐసీవే. ఒక డేటా సెంటర్‌లో కరెంటు పోతే మిగతా రెండూ పని సాగిస్తాయి, అంతవరకు బాగుంది. కానీ బ్లాక్‌చెయిన్ తెచ్చుకున్నది యంత్రం ఆగిపోతుందన్న భయంతో కాదు, లోపలి మనిషే రికార్డు మారుస్తాడన్న భయంతో. నోడ్లన్నీ ఒకే సంస్థ అడ్మినిస్ట్రేటర్ల కింద ఉంటే ఆ భయం తీరదు. లెక్క తెలిసిందే. నోడ్ ఒకటి ఆగిపోవడాన్ని మాత్రమే తట్టుకోవాలంటే మొత్తం మూడు నోడ్లు సరిపోతాయి. అబద్ధం చెప్పే నోడ్ ఒకదాన్ని తట్టుకోవాలంటే కనీసం నాలుగు కావాలి, రెండింటికైతే ఏడు. ఏడింటిని ఎన్‌ఐసీ, రాష్ట్ర ఐటీ శాఖ, హైకోర్టు, కాగ్ కార్యాలయం, ఒక ప్రభుత్వ బ్యాంకు, రెండు విశ్వవిద్యాలయాలు నడిపేలా చేయండి. ఏ సంస్థకూ రెండు నోడ్లు ఉండకూడదు. వాటి మధ్య నడిచే ఏకాభిప్రాయ పద్ధతి, ఆగిపోయే నోడ్లను మాత్రమే తట్టుకునే రాఫ్ట్ కాకుండా, బైజాంటైన్ లోపాలను, అంటే అబద్ధం చెప్పే నోడ్లను తట్టుకునేదై ఉండాలి. రాఫ్ట్ మీదే నడిపితే ఎన్ని నోడ్లు పెట్టినా అబద్ధాన్ని ఆపలేరు. దానికి తోడు ప్రతిరోజూ చెయిన్ మొత్తానికి వచ్చే ఒక్క మూల హాష్‌ను, అంటే 64 అక్షరాలను, గెజిట్‌లో అచ్చువేయించండి. పెద్దగా ఖర్చులేని ఈ పనితో పాత రికార్డును చడీచప్పుడు లేకుండా మార్చడం ఎవరివల్లా కాదు.

నోడ్లు ఎంత గట్టివైనా, డిజిటల్ సంతకం పెట్టే తాళంచెవి (కీ) బల్ల మీద ఉంటే లాభం లేదు. అధికారి పేరు మీదున్న, ఆ కీ ఉండే యూఎస్‌బీ డాంగిల్ కంప్యూటర్ ఆపరేటర్ దగ్గర, దాని పిన్ మానిటర్ అంచున అంటించిన చీటీ మీద ఉండే ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయి. దాంతో పెట్టిన సంతకం చెయిన్ దృష్టిలో నూటికి నూరుపాళ్లు సరైనదే. హక్కు మార్చే ప్రతి ఎంట్రీకీ ఇద్దరు అధికారుల సంతకాలు, వేలిముద్ర లేదా ముఖ గుర్తింపుతో తెరుచుకునే డాంగిల్, బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజే పాత కీ రద్దు తప్పనిసరి చేయండి. కీ పోయిందని ఫిర్యాదు వచ్చిన గంటలోపు దాన్ని ఆపే అధికారం జిల్లా స్థాయిలో ఉండాలి.

వ్యక్తిగత సమాచారం గురించి ఒక ప్రమాదకరమైన అపోహ ఉంది. ఆధార్ నంబరును హాష్ చేసి పెట్టాం కాబట్టి క్షేమమని టెండర్లలో రాస్తున్నారు. ఆధార్‌లో మొదటి అంకె సున్నా, ఒకటి కాదు. చివరిది మిగతా అంకెల నుంచి లెక్కకట్టే చెక్ డిజిట్. కాబట్టి సాధ్యమయ్యే నంబర్లు 8,000 కోట్లే. గేమింగ్ కోసం అమ్మే ఒక్క గ్రాఫిక్స్ కార్డు వాటన్నిటికీ నిమిషాల్లో హాష్ తీసేస్తుంది. మొబైల్ నంబర్లు ఇంకా తక్కువ. చెయిన్‌లో వ్యక్తిగత వివరాలు ఏ రూపంలోనూ ఉండకూడదు. ఒక్కో రికార్డుకూ వేర్వేరుగా పుట్టించిన 256 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యను కలిపి తీసిన హాష్ మాత్రమే చెయిన్ మీద ఉండాలి, అసలు రికార్డు, ఆ సంఖ్య రెండూ సంబంధిత శాఖ సొంత సర్వర్‌లో ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 17(4) ప్రభుత్వానికి తొలగింపు బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చింది. మనిషి మీద ప్రభావం చూపే నిర్ణయాలు ఉన్నచోట సవరణ బాధ్యత నుంచి ఇవ్వలేదు. ఆ తేడా మీ విధానంలో స్పష్టంగా ఉండాలి.

అన్నిటికీ బ్లాక్‌చెయిన్ అక్కర్లేదు కూడా. ఒకే శాఖ రాసి, అదే శాఖ చదువుకునే హాజరు పట్టికకో స్టాక్ రిజిస్టరుకో సంతకం చేసిన మామూలు లాగ్ చాలు. ఒకరినొకరు నమ్మని పలువురు రాసే లేదా సరిచూసుకునే చోటే దీనికి ప్రయోజనం. తెలంగాణలో చిట్టీల నమోదు వ్యవస్థ టీ-చిట్స్ అలాంటిదే. చిట్టీలో ఫోర్‌మ్యాన్, సభ్యులు, రిజిస్ట్రార్ ఎవరి లెక్క వారిది, పాట ఎవరు ఎంతకు పాడారన్నది అందరికీ ఒకేలా కనబడాలి. మార్కుల మెమోలదీ అదే తీరు: ఇచ్చేది బోర్డు, చూసేది ఎక్కడో విదేశంలోని విశ్వవిద్యాలయం.

దేశంలో చాలా పెద్ద ఎత్తున నడుస్తున్నది మాత్రం వాణిజ్య ఎస్సెమ్మెస్‌ల డీఎల్‌టీ (పలు సంస్థలు పంచుకునే లెడ్జర్) వ్యవస్థే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం 2021 మార్చి 8న టెంప్లేట్ల (ముందే నమోదు చేసిన సందేశ నమూనాల) తనిఖీ మొదలుపెట్టగానే బ్యాంకుల ఓటీపీలు ఆగిపోయాయి. మర్నాడే దాన్ని వారం పాటు నిలిపేయాల్సి వచ్చింది. లెడ్జర్ చెప్పినట్టే పనిచేసింది. సందేశాలు పంపే సంస్థలే తమ టెంప్లేట్లను సరిగా నమోదు చేసుకోలేదు. కాబట్టి ఏ శాఖలోనైనా ముందు మూడు నెలలు తప్పులను నమోదు మాత్రమే చేయండి, లావాదేవీలను ఆపకండి. తిరస్కరణలు వెయ్యికి ఒకటి కన్నా తగ్గాకే ఆపే స్విచ్ వేయండి.

చివరిగా కోర్టు, కాంట్రాక్టు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో హాష్ విలువ రాయడానికి చోటుంది. చెయిన్ నుంచి తీసే ప్రతి నకలుతోపాటు ఆ సర్టిఫికెట్ నింపి వచ్చేలా చేస్తే రైతు లాయరు నిపుణుల కోసం వెతుక్కోనక్కర్లేదు. కాంట్రాక్టుల్లో సోర్స్ కోడ్ ప్రభుత్వానిదేనని రాయించండి. మొత్తం చరిత్రను బహిరంగ ఫార్మాట్‌లో బయటికి తీసి వేరే సాఫ్ట్‌వేర్‌లో నిలబెట్టే పరీక్షను ఏడాదికొకసారి పెట్టండి. పాత హాష్ పద్ధతి ఎస్‌హెచ్‌ఏ-1ను 2017లో ఛేదించి చూపారు, ఎస్‌హెచ్‌ఏ-256కూ ఏదో ఒకరోజు కాలం చెల్లుతుంది. భూమి రికార్డు వందేళ్లు నిలవాలి కాబట్టి పాత హాష్‌లన్నిటినీ కొత్త అల్గారిథమ్‌తో మళ్లీ ముద్రవేసే పద్ధతి మొదటి రోజు నుంచే ఉండాలి. విధానం ముసాయిదాను తెలుగుతో సహా అన్ని షెడ్యూల్డ్ భాషల్లో పెట్టి, తహసీల్దార్లూ సబ్ రిజిస్ట్రార్లూ అభిప్రాయం చెప్పడానికి 60 రోజుల గడువివ్వండి.

ఇట్లు,
ప్రభుత్వ రికార్డుల వ్యవస్థలపై పనిచేస్తున్న ఇంజినీర్లు, భూరికార్డుల నిపుణులు