నైట్రైట్‌కు బదులు నైట్రేట్ అచ్చు వేయడంపై ఫిర్యాదు

విశాఖపట్నం

ప్రచురణ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీ స్టడీ మెటీరియల్‌లో తప్పు

అయ్యా,

నేను గాజువాకలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతాను. ఈ ఏడాది మా పిల్లలు 22 మంది మీ తెలుగు మీడియం మెటీరియల్ కొన్నారు. కొనమని చెప్పింది నేనే కాబట్టి ఈ ఉత్తరమూ నేనే రాయాలి.

నైట్రోజన్ తయారీ దగ్గర "అమ్మోనియం నైట్రేట్‌ను వేడి చేస్తే నైట్రోజన్, నీరు వస్తాయి" అని వేశారు. అక్కడ ఉండాల్సింది నైట్రైట్. ఒక్కచోటే అయితే అచ్చుతప్పు అనుకుందును. వెనక బిట్ల కీలోనూ అదే ఉంది.

మొన్న ఒకమ్మాయి నోట్సు దిద్దుతుంటే కనబడింది. మొదట సరిగ్గా 'నైట్రైట్' అనే రాసింది. తర్వాత మీ కీ చూసుకుని, కాగితం చిరిగేలా కొట్టేసి, పైన 'నైట్రేట్' అని దిద్దుకుంది. "నాదే తప్పనుకున్నా సార్" అంది. నాకు చాలా బాధేసింది.

మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే "ఒక్క అక్షరమే కదండీ, క్లాసులో చెప్పేయండి" అన్నారు. నిజానికి అక్షరం కూడా కాదు, ఐత్వం బదులు ఏత్వం, అంతే. కానీ పదార్థాలు రెండూ వేరు. నైట్రైట్ నైట్రస్ ఆమ్లపు లవణం, అందులో ఆక్సిజన్ పరమాణువులు 2. అమ్మోనియం నైట్రైట్ నిలవ ఉండే సరుకు కాదు. అందుకే ల్యాబ్‌లో అమ్మోనియం క్లోరైడ్, సోడియం నైట్రైట్ ద్రావణాలు కలిపి అప్పటికప్పుడు పుట్టిస్తాం. నైట్రేట్ నైట్రిక్ ఆమ్లపు లవణం, ఆక్సిజన్లు 3. అమ్మోనియం నైట్రేట్‌ను వేడి చేస్తే వచ్చేది నైట్రస్ ఆక్సైడ్, నైట్రోజన్ కాదు. వేడి మితిమీరితే పేలుతుంది కూడా. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో పేలిన సుమారు 2,750 టన్నులు ఇదే పదార్థం. మా విశాఖ పోర్టుకూ ఓడల్లో దిగుతుంది కాబట్టి ఆ వార్త విని మేమెంత కంగారుపడ్డామో మాకే తెలుసు. అలాంటిదాన్ని నైట్రోజన్ కోసం వేడి చేయాలని పదిహేడేళ్ల పిల్లలు మీ పుస్తకంలో చదువుకుంటున్నారు.

కొన్న ప్రతి ఒక్కరికీ చేరేలా సవరణ కాగితం పంపండి. షాపుల్లో మిగిలిన కాపీల్లోనూ అది అంటించండి. కీ మొత్తం సబ్జెక్టు తెలిసినవాళ్లతో మళ్లీ చూపించండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. తప్పున్న రెండు పేజీల జిరాక్సు, బిల్లు కాపీ జత చేస్తున్నాను.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ ట్యూషన్ మాస్టారు,
గాజువాక