మగ్గం చప్పుడుకి పది నిమిషాలు ఇవ్వలేమా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఉగాదికి బరంపురంలో ఒక తెలుగు సంఘం సాంస్కృతిక కార్యక్రమం పెట్టింది. అక్కడ జరిగినది నాలుగు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మా వీధిలో పట్టు నేసే వాళ్ల అమ్మాయి ప్లస్ టూ చదువుతూ కూచిపూడి నేర్చుకుంటోంది. ఈసారి పాట వద్దని, వాళ్ల నాన్న మగ్గం చప్పుడు ఫోనులో రికార్డు చేసుకుని దానికి ఆడతానంది. నేను మృదంగం వాయిస్తాను కాబట్టి తాళం సరిచూడమని నా దగ్గరకు వచ్చింది. మొదట నాకూ నమ్మకం కలగలేదు. విన్నాక తెలిసింది. కాలు తొక్కిన చప్పుడు, పోగుని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె జారిన చప్పుడు, నేసిన పోగుని దగ్గరికి నెట్టే పన్నె కొట్టిన చప్పుడు, అచ్చంగా తిస్రం, అంటే మూడు దెబ్బల నడక! మధ్యలో పోగు తెగితే మగ్గం ఆగిపోతుంది. అక్కడ ఆ పిల్ల అడుగు కదపకుండా నిలబడి వేళ్లతో ముడి వేస్తుంది. ముడి పడేదాకా అంతా నిశ్శబ్దమే. నెల రోజులు సాధన చేసింది.

పది నిమిషాలు ఇచ్చారు. నా పక్కన కూర్చున్న ఒక ముసలి నేత కార్మికుడి కాళ్లు కుర్చీ కింద వాటంతట అవే తొక్కుతున్నాయి. నాలుగో నిమిషంలో చప్పుడు ఆగింది. "పోగు తెగింది" అన్నాడాయన మెల్లగా. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఎవరో "సౌండ్ పోయింది, చూడండయ్యా" అని అరిచారు. పిల్ల ఇంకా ముడి వేస్తూనే ఉంది. ఇంతలో మైకులో తర్వాతి ఐటెం పేరు చదివేశారు. దిగి వచ్చాక నిర్వాహకుల్లో ఒకరు, "ఇది నాట్యం కాదమ్మా, వచ్చే ఏడాది మంచి పాట చూసుకో" అన్నారు. ఆ పిల్ల తల వంచుకుని గజ్జెలు విప్పుకుంది. ఆయన మంచి మనసుతోనే అన్నారు. అయినా ఆ మాట తప్పు.

గంజాం జిల్లాలో ఉండి అనడం మరీ తప్పు. మన ప్రహ్లాద నాటకం సంగతే చూడండి. జలంత్రకోట రాజుల ఆదరణలో పుట్టిన ఆ ఆటలో ఒడియా, సంస్కృతం, తెలుగు మూడూ కలిసి నడుస్తాయి. ఇదేం కలగాపులగం అని మొదటిరోజే దీపాలు ఆర్పేసి ఉంటే ఈ రోజు మన ఊళ్లలో తెల్లవార్లూ కూర్చుని చూసేవాళ్లమా? ఒడిస్సీ కూడా ఈ రోజు మనం చూస్తున్న రూపంలో అనాదిగా లేదు. 1950ల చివర కటక్‌లో కేలూచరణ్ మహాపాత్ర, పంకజ్ చరణ్ దాస్, దేవప్రసాద్ దాస్, మాయాధర్ రౌత్ వంటి గురువులు 'జయంతిక' పేరుతో కూడి, వాదించుకుని, దానికి ఒక క్రమం ఏర్పరచారు. 1985లో నర్తకి చంద్రలేఖ 'అంగిక' అనే తన ప్రదర్శనలో భరతనాట్యం పక్కన యోగాసనాలనీ కేరళ యుద్ధవిద్య కలరిపయట్టునీ నిలబెట్టారు.

ప్రయోగమన్నదల్లా గొప్పదని నేననను. నేను చూసిన వాటిలో చాలామటుకు నాకే నచ్చలేదు. నచ్చలేదని చెప్పడానికైనా చివరిదాకా చూడాలి కదా. మన ఊరి జాతర ఠాకురాణి యాత్రకి అమ్మవారు బుడి ఠాకురాణిని ఆడపడుచులా పుట్టింటికి తెచ్చుకునేది మన తెలుగు నేత కులమే. ఆ వీధుల్లో నా చిన్నప్పుడు తెల్లారకముందే వినిపించే మగ్గాల చప్పుడు ఇప్పుడు ఏ రెండిళ్లలోనో మిగిలింది. దాన్ని స్టేజీ ఎక్కించిన పిల్లని మనమే దించేశాం.

సంఘాల పెద్దలకు నా మనవి ఒక్కటే. ప్రతి పండగ కార్యక్రమంలో పావుగంట ఇలాంటి కొత్త ప్రయత్నాలకు కేటాయించండి. మొదలయ్యే ముందు ఏం చూడబోతున్నామో రెండు మాటల్లో చెప్పించండి. సౌండ్ చూసే కుర్రాడికి కూడా ముందే చెప్పి ఉంచండి. దసరాకి ఆ అమ్మాయి పేరు మళ్లీ నేనే ఇస్తున్నాను. ఆ ముడి పడేదాకా దయచేసి ఎవరూ మైకు పట్టుకోకండి.

ఇట్లు,
ఒక మృదంగ కళాకారుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా