రెండుసార్లు పడిన రిఫండు

మాదాపూర్, హైదరాబాద్
శనివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. ఏం చెయ్యను, రిఫండ్లు నన్ను మింగేశాయి.

ఫోన్లో చెప్పాను గుర్తుందా, మా కస్టమర్ ఒకాయనకి ఒకే రిఫండు రెండుసార్లు పడిందని? పాపం ఆయనే ఫోన్ చేసి చెబితే గానీ మాకు తెలీలేదు. సర్వర్ లాగ్ రికార్డులన్నీ తిరగేశాం. టెస్టులన్నీ పాసే. "మళ్లీ వస్తే చూద్దాంలే" అన్నారు మావాళ్లు. నాకు మాత్రం చెప్పులో రాయిలా అదే గుచ్చుకుంటోంది.

చివరికి టీఎల్ఏ ప్లస్ పట్టుకున్నా. 2013 ట్యూరింగ్ అవార్డు గ్రహీత లెస్లీ లాంపోర్ట్ తయారుచేసిన భాష. (ప్రాజెక్టు రిపోర్టు టైప్‌సెట్ చెయ్యడానికి రాత్రంతా లేటెక్ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టామే, అదీ ఆయన పుణ్యమే!) ఇందులో ప్రోగ్రాం రాయం. సిస్టం ఏయే స్థితుల్లో ఉండొచ్చు, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా వెళ్తుంది అన్నది లెక్కల్లో రాస్తాం. అలా రాసిందాన్ని మోడల్ అంటాం. అది చేరగలిగే స్థితులన్నిట్నీ మోడల్ చెకర్ అనే టూలు ఒక్కటీ వదలకుండా తిరిగి చూస్తుంది. అమీర్‌పేట బోర్డుల మీద దీని పేరు నాకైతే కనపడలేదు, మూడు ఆదివారాలు తగలేసి సొంతంగా నేర్చుకున్నా.

రాసింది తొంభై లైన్లు. ఇద్దరు వర్కర్లు (అంటే రిఫండ్లు పంపే ప్రోగ్రాములు), ఒక రిఫండు, ఒక బ్యాంకు. వర్కర్ ఏ క్షణాన్నయినా క్రాష్ అవ్వొచ్చు. డబ్బు రెండోసారి పడకూడదు, అదీ షరతు. రన్ కొట్టి, ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచి తీసేలోపు తప్పు తెర మీదకొచ్చింది. మొదటివాడు ఇంకొకడు ముట్టకుండా రిఫండుకి కొంత గడువుతో లాక్ వేశాడు, బ్యాంకుకి పంపాడు, బ్యాంకు డబ్బు వేసేసింది, "అయిపోయింది" అని రాసుకోకముందే వాడు కూలబడ్డాడు. లాక్ గడువు తీరింది. రెండోవాడొచ్చి, పాపం ఏమీ తెలీక, మళ్లీ పంపాడు. అంతేరా!

తెలివిగా లాక్ గడువు ఎత్తేశా. షరతు నిలబడింది. అప్పుడు ఇంకో షరతు రాశా: రిఫండు ఎప్పటికైనా చేరాలి. వెంటనే తన్నింది. లాక్ పట్టుకుని చచ్చిన వర్కర్ దగ్గర రిఫండు శాశ్వతంగా ఇరుక్కుపోయింది. తప్పు జరక్కుండా ఉండటానికి ఏ పనీ చెయ్యకపోతే చాలు కదా, మా పాత మేనేజరులా! అందుకే రెండు షరతులూ కావాలి. చివరికి గడువు వెనక్కి తెచ్చి, రిఫండు పుట్టినప్పుడే దానికో నంబరిచ్చి, ఎవరు పంపినా అదే నంబరు వెళ్లేలా మార్చా. ఆ నంబరుకి బ్యాంకు ఒక్కసారే డబ్బిస్తుంది.

"వారం రోజులు కోడ్ రాయకుండా లెక్కలా?" అని మీటింగులో దెప్పారు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ వాళ్లు 2011 నుంచీ వాడుతున్నారనీ, వాళ్ల డేటాబేసు డైనమోడీబీలో దొరికిన ఒక బగ్ బయటపడాలంటే కనీసం 35 అడుగులు వరసగా పడాలనీ చెప్పా. అన్ని అడుగుల టెస్టు రాయాలని ఎవడికి తోస్తుంది?

అలాగని మంత్రమేం కాదు. అది చూసేది నా మోడల్‌ని, మా కోడ్‌ని కాదు. మొన్న మా కుర్రాడు కోడ్‌లో, రిఫండు మళ్లీ పంపిన ప్రతిసారీ కొత్త నంబరు పుట్టేలా రాశాడు! మోడల్‌కి ఆ సంగతే తెలీదు. రివ్యూలో నా కంట పడింది కాబట్టి సరిపోయింది.

నీ ఉత్తరంలోని బస్సు సీట్ల బుకింగు గోల కూడా ఇలాంటిదే అనిపిస్తోంది. డబ్బు కట్టేలోపు టైమ్ అయిపోతే సీటు ఎవరిది? వచ్చే ఆదివారం రా, కూర్చుని రాద్దాం. వచ్చేటప్పుడు అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి మర్చిపోయావో, తలుపు తియ్యను.

నీ
రాజు