ఉత్తరపు గోడ నీడ నుంచి ఒక ఉత్తరం

లీడ్స్, ఇంగ్లండ్,
జూలై 6.

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కరించి మీ పెద్దమ్మాయి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. ఆఫీసు పని ఎప్పటిలాగే సాగుతోంది. దాని గురించి వ్రాయవలసినదేమీ లేదు.

పోయిన ఆదివారం ఫోనులో మీరు, ఎండపొడ సోకని పెరట్లో పళ్ళమొక్కలు పెట్టి డబ్బు తగలేస్తున్నానన్నారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గాని, ఆ మాట మనసులో ఉండిపోయింది. మా పెరడు ఇంటికి ఉత్తరాన ఉన్నమాట నిజమే. చలికాలంలో ఆ నేల ఎండ మొహమే ఎరగదు. అయితే ఇక్కడ వేసవి సూర్యుడు ఈశాన్యాన ఉదయించి వాయవ్యాన అస్తమిస్తాడు కనుక, మధ్యాహ్నమంతా ఇంటి నీడ పడినా, తెల్లవారిన తరువాత 3 గంటలు, మళ్ళీ పొద్దుగూకే ముందు కాసేపు పెరట్లోకి ఎండ వస్తుంది. పుల్లటి పళ్ళకు ఆమాత్రం చాలు. మొదటి ఏడాది ఈ సంగతి తెలియక అంజూర నాటాను. ఆకులు చేటలంత వచ్చాయి గాని ఒక్క కాయా పండలేదు. ఆ ఖర్చు మాత్రం దండుగేనని ఒప్పుకుంటాను.

ఇప్పుడు పెరటివైపు ఇంటి గోడకు మొరెల్లో చెర్రీ ఉంది. ఉత్తరపు గోడకు ఇక్కడివాళ్ళు వాడుకగా పెంచే పుల్లచెర్రీ అదే. పక్కన మరో చెర్రీ చెట్టు లేకపోయినా తన పుప్పొడితోనే కాస్తుంది. ఆయన గోడకు అడ్డంగా తీగలు బిగించి ఇస్తే, కొమ్మలను విసనకర్రలా పరిచి కట్టాను. చలికాలంలో కత్తిరిస్తే కోతల గుండా సిల్వర్ లీఫ్ తెగులు పట్టే ప్రమాదముంది కనుక, కాపు కోసిన వెంటనే వేసవిలోనే కత్తిరిస్తాను. దాని ముందు, ఎర్రటి చిన్న పుల్లపళ్ళు గుత్తులుగా కాసే రెడ్‌కరెంట్ పొదలు రెండున్నాయి. ఎండలో ఉన్నవాటికన్నా ఆలస్యంగా పండుతాయి గాని, గుత్తులు ఎరుపెక్కిన రోజు నుంచి పిట్టలకు నాకు పోటీయే. నిన్ననే వల కప్పాను.

గూస్‌బెర్రీని మన ఉసిరి అనుకోకండి, రెంటికీ చుట్టరికం లేదు. ఇది నడుమెత్తు ముళ్ళపొద. నీడలో గాలి ఆడకపోతే బూడిద తెగులు పడుతుందని, నడిమి కొమ్మలు తీసేసి పొదను గిన్నెలా తెరిచి ఉంచుతాను. మే నెలలో పచ్చపురుగులు అడుగు నుంచి మొదలుపెట్టి ఆకులన్నీ ఈనెలు మిగిల్చి తినేస్తుంటే, రోజూ ఉదయం చేత్తోనే ఏరాను. మా యార్క్‌షైర్‌లోనే ఎగ్టన్ బ్రిడ్జ్ అనే ఊళ్ళో 1800 నుంచి గూస్‌బెర్రీల పోటీ జరుగుతోంది. అందులో కాయను తూకం వేసి మరీ గెలుపు తేలుస్తారు. ఆగస్టులో చూసి రావాలని ఉంది.

అయినా నీడ సంగతి మీకు నేను చెప్పడమేమిటి? మన కొబ్బరితోటలో కోకో, కంద, పసుపు వేసింది మీరే. నీడ లేకపోతే కోకో మొక్క మాడిపోతుందని నాకు చిన్నప్పుడు చెప్పిందీ మీరే. ఆ మోకాలితో ఈసారీ కోకో కాయలు మీరే కోస్తున్నారని తమ్ముడన్నాడు. దయచేసి మనుషులను పెట్టించండి. కూలి డబ్బులు నేను పంపుతాను, కాదనకండి.

నా గొంతు నీరసంగా ఉందని అమ్మ అన్నదట. డిసెంబరులో సాయంత్రం 4 గంటలకే చీకటిపడుతున్నప్పుడు అలా ఉన్నమాట నిజం. ఇప్పుడు అలా లేదు. భోజనం కాగానే ఆ గోడ దగ్గరికే వెళ్ళి కూర్చుంటున్నాను.

పచ్చి గూస్‌బెర్రీలు వేసి పప్పు వండితే, అచ్చం మామిడికాయ పప్పులాగే ఉందని ఆయన రెండోసారి వడ్డించుకున్నారు. నిరుడు పెట్టిన ఊరగాయ మాత్రం నీరూరి వారానికే బూజు పట్టింది. నీరెక్కువ ఉన్న కాయలకు కిలోకు ఉప్పెంత వేయాలో, ముందు ఎండబెట్టాలో వద్దో అమ్మనడిగి చెప్పండి. ఎండబెట్టాలంటే మాత్రం ముందువైపు కిటికీలోనే.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి