మన శ్రోతల సంఘం 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సినిమా సంస్థల అండ, పెద్ద మ్యూజిక్ కంపెనీల అండ లేకుండా సొంతంగా పాడుకుంటున్న, వాయించుకుంటున్న సంగీతకారులను కొత్త శ్రోతలకు పరిచయం చేయాలని గత వార్షిక సమావేశంలో తీర్మానించుకున్నాం. ఆ తీర్మానం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు ఏ మేరకు అమలైందో, ఎక్కడ తడబడ్డామో ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాను. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం పాలకొల్లులో కలుసుకునే ఆనవాయితీ ఈ ఏడాదీ కొనసాగింది. జులై నెలాఖరులో గోదావరికి వరద వచ్చి లంక గ్రామాల సభ్యులు ఇబ్బందుల్లో ఉన్నందున ఆగస్టు సమావేశాన్ని మానుకున్నాం. నవంబరులో సార్వా కోతల వల్ల హాజరు పలచబడింది.

మొదటి మూడు నెలలు చేసిన పని ఫలించలేదని ముందుగా ఒప్పుకోవాలి. ఇరవై మంది కళాకారుల పేర్లతో ఒక జాబితా అచ్చు వేయించి అందరికీ పంచాం. ఆ జాబితా తయారుచేసింది నేనే కనుక ఆ బాధ్యతా నాదే. జూన్ సమావేశంలో అడిగితే, జాబితాను చదివినవారు చాలామంది ఉన్నారు గానీ అందులోని ఒక్క పాటనైనా మొదటి నుంచి చివరిదాకా విన్నవారు ఇద్దరే తేలారు. "ఇరవై పేర్లలో ఏది ముందు వినాలో తెలియక ఏదీ వినలేదండీ" అని ఒక సభ్యురాలు చెప్పిన మాటతో మన పద్ధతే మారిపోయింది. జులై నుంచి సాయంత్రానికి ఒకే కళాకారుడిని, ఒకే పాటను తీసుకున్నాం. ఆ పాటను రెండుసార్లు వినిపించాం. పరిచయం చేసే సభ్యుడు కళాకారుడి జీవిత విశేషాలను మొదటి వినికిడి అయ్యేదాకా చెప్పకూడదని, వినేవారికి ఇదివరకే ఇష్టమైన సంగీతంతో దీనికున్న చుట్టరికం ఏమిటో మాత్రం రెండు మాటల్లో చెప్పాలని నియమం పెట్టుకున్నాం.

ఆ చుట్టరికం చూపడానికి మన ఊరే మొదటి ఆధారమైంది. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారి వాదనం ఇక్కడ విననివారు అరుదు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాకపోయినా ఆయన నోటితో పాడి వినిపిస్తుంటే, పిల్లవాడైన శ్రీనివాస్ ఆ గమకాలను తీగల మీద వెతుక్కుంటూ నేర్చుకున్న సంగతి మన పెద్దలకు తెలిసినదే. కర్ణాటక సంగీతానికి పరాయిదనుకున్న వాద్యం, అందులోనూ ఎలక్ట్రిక్ వాద్యం, మన చెవులకు అలవాటైపోయింది గదా అన్న మాట మీదుగా, కృతులను రాక్ వాద్యాలతో కలిపి పాడే బెంగళూరు బృందం 'అగం'ను పరిచయం చేశాం. డ్రమ్స్ మోత భరించలేమని తొలుత వెనక కూర్చున్న పెద్దలే, రెండోసారి వింటున్నప్పుడు గాయకుడి రాగాలాపనను పట్టుకుని తలలు ఊపారు.

సెప్టెంబరులో హైదరాబాదుకు చెందిన చౌరస్తా బ్యాండును తీసుకున్నాం. వారు తెలుగు జానపద బాణీని, జమైకాలో పుట్టిన రెగే లయను కలిపి పాడతారు. ముందుగా మన సభ్యురాలొకరు నాట్లు వేసేటప్పుడు పాడుకునే పాటను వాద్యం లేకుండా పాడారు. ఆ తరువాత బ్యాండు పాట పెట్టగా, అతిథిగా వచ్చిన డోలు విద్వాంసుడు కళ్లు మూసుకుని, కుడిచేత్తో మోకాలి మీద తాళం వేసుకుంటూ, గిటారు పలికిన ప్రతిసారీ ఎడమచేతి వేళ్లు లేపసాగారు. రెండు చేతులూ ఒక్కసారి కూడా కలవలేదు. దెబ్బ తాళం మీద కాకుండా తాళానికీ తాళానికీ నడుమ పడుతోందని, నాట్ల పాటలో వంగి లేచే ఊపు కూడా అక్కడే ఉందని ఆయన వివరించారు. రెగే గురించి నేను చదివిన వ్యాసాలేవీ ఇంత తేటగా చెప్పలేకపోయాయి.

ఈ ఏడాది ఎక్కువ చర్చ నడిచినది మాత్రం అక్టోబరు సమావేశంలో, అమెరికా గాయకుడు సిక్స్‌టో రోడ్రిగెజ్ విషయంలో. డెట్రాయిట్ నగరానికి చెందిన ఈయన 1970లో ఒకటి, 1971లో ఒకటి ఆల్బములు విడుదల చేస్తే, సొంత దేశంలో అవి అమ్ముడుపోలేదు. ఆయన పాత కట్టడాలు కూల్చే కూలిపనితో బతుకు వెళ్లదీశారు. అదే కాలంలో దక్షిణాఫ్రికాలో ఆయన పాటలు ఇంటింటా మోగుతున్నాయని ఆయనకు ఏళ్ల తరబడి తెలియదు. 1998లో అక్కడికి వెళ్లి కచేరీలు చేశారు. ఆయన కథతో తీసిన డాక్యుమెంటరీకి 2013లో ఆస్కార్ వచ్చింది. 2023లో ఆయన కన్నుమూశారు. ఇదంతా విన్నాక, నరసాపురం వైపు నుంచి వచ్చే, లేసు అల్లికతో ఇల్లు గడుపుకునే ఒక సభ్యురాలు, ఒళ్లో ఉన్న అల్లికను పక్కన పెట్టి, "అక్కడ అమ్ముడైన డబ్బు ఈయన చేతికి రాలేదా అండీ?" అని అడిగారు. తాము అల్లిన లేసు ఏ దేశపు బల్లమీద పరుస్తారో, అక్కడ దాని ఖరీదెంతో తమకు తెలియదని, చేతికి వచ్చేది అల్లిక కూలి మాత్రమేనని కూడా అన్నారు. పాట నచ్చిందని చెప్పడంతో శ్రోత పని తీరదని, డబ్బు దారి కూడా కనిపెట్టాలని ఆ ప్రశ్న మనకు గుర్తు చేసింది.

అందుకే డిసెంబరు సమావేశాన్ని పూర్తిగా ఆ విషయానికే కేటాయించాం. 2024 ఆరంభం నుంచి, ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే స్పాటిఫైలో, గడిచిన 12 నెలల్లో 1,000 సార్లైనా వినబడని పాటకు రాయల్టీ, అంటే పాట వినబడినందుకు దాని హక్కుదారులకు దక్కే సొమ్ము, లెక్కగట్టడం లేదు. పెద్ద గాయకులకు ఈ సంఖ్య క్షణాల మాట. పేరు లేనివారికి అదే గడప. అయితే మనలాంటి చిన్న సంఘానికి ఇందులో చేయగలిగింది ఉంది. 50 మంది సభ్యులు ఒక పాటను నెలకు రెండుసార్లు వింటే ఏడాదికి 1,200 అవుతుంది. ఆ తరువాత వచ్చే మొత్తం స్వల్పమే కావచ్చు, కానీ ఆ పాట లెక్కలోకి వస్తుంది. ఇష్టం గట్టిగా ఉన్నవారు కళాకారులే తమ పాటలను ఆన్‌లైన్‌లో అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వంటి చోట ఆల్బమ్ కొనడం ఇంకా మేలు. అక్కడ డిజిటల్ అమ్మకాల్లో వేదిక తీసుకునే వాటా మామూలుగా 15 శాతం, చెల్లింపు ఖర్చులు పోగా మిగిలినది కళాకారుడిదే. పాటలు రాసి బాణీలు కట్టే మన యువ సభ్యులు 2012 నాటి కాపీరైట్ సవరణను తప్పక తెలుసుకోవాలి. సినిమాలోనో రికార్డింగులోనో తమ రచన చేరినప్పుడు వచ్చే రాయల్టీ వాటాను గేయరచయిత, స్వరకర్త తమ వారసులకో రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకొకరికి రాసివ్వడానికి ఆ సవరణ ఒప్పుకోదు.

ఫిబ్రవరిలో స్థానిక సన్నాయి బృందంతో రెండు గంటల కచేరీ జరిపాం. స్వతంత్ర సంగీతం అనగానే గిటారు పట్టిన కుర్రవాళ్లే మనసులో మెదులుతారు గానీ, ఏ కంపెనీ ఊసూ లేకుండా తరతరాలుగా వాయిస్తూ వస్తున్న మన సన్నాయి, డోలు విద్వాంసులకంటే స్వతంత్రులు ఎవరు? పెళ్లిలో తాళి కట్టే వేళ గట్టిమేళానికీ, ఊరేగింపులో నడకకీ వాళ్లను పిలుస్తాం, కూర్చుని వినం. ఆ రోజు తోడి రాగాన్ని అరగంటకు పైగా వాయిస్తే హాలులో ఒక్కరూ లేవలేదు. అయితే మనం అచ్చువేసిన ఆహ్వాన పత్రికలో సన్నాయి విద్వాంసుల పేర్లు మాత్రమే వేసి, డోలు, తాళం, శ్రుతి కళాకారుల పేర్లు విడిచిపెట్టాం. వారు ఏమీ అనలేదు. అనకపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది. వేదిక మీదే క్షమాపణ చెప్పి, అందరి పేర్లతో పత్రికను మళ్లీ అచ్చువేయించి వారి ఇళ్లకు అందజేశాం. గుమ్మం దగ్గర పెట్టిన యూపీఐ క్యూఆర్ కోడ్ కూడా సంఘం ఖాతాది కాదు, బృందానిది.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా చదివి వినిపిస్తారు. జాబితాల అచ్చుకైన ఖర్చు ఈసారి ఉండదు. ఆ సొమ్మును కచేరీ పారితోషికాలకు మళ్లించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది, సభ్యుల ఆమోదం కోరుతున్నాం. ఏప్రిల్ నుంచి కళాకారులను పరిచయం చేయదలచిన సభ్యులు, పాట పేరుతో పాటు అందులో పాడినవారు, వాయించినవారు, రాసినవారు, బాణీ కట్టినవారు అందరి పేర్లూ ఒక కాగితం మీద రాసి, సమావేశానికి వారం ముందుగా నాకు అందజేయవలసిందిగా మనవి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి,
పాలకొల్లు