పార్సిల్ విప్పే ముందు

చిన్నా,

పార్సిల్ విప్పగానే వస్తువులన్నీ మంచం మీద కుమ్మరించకు. ముందు ఇది చదువు. గిటార్ సౌండ్‌ని మార్చే పెడల్స్ (ఓవర్‌డ్రైవ్ ఒకటి, ఇంకా గరగరమనే ఫజ్ ఒకటి) చెయ్యడానికి నువ్వు పంపిన లిస్టులో ఉన్నట్టే కొన్నవి కొన్ని, నేను మార్చినవి కొన్ని, అసలు కొననివి కొన్ని. ఎందుకు మార్చానో ఫోన్లో చెబితే "అమ్మా, నీకు తెలీదు, దాని సౌండే వేరు" అని మధ్యలోనే ఆపేస్తావు. కాగితం మీదైతే ఆపలేవు కదా.

మొన్న పొద్దున్నే ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్‌లో బస్సెక్కి కోఠీ వెళ్లాను. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టే గానీ, సీటు దొరకడం గగనం. తార్నాక దాకా నిలబడే ఉన్నాను. గుజరాతీ గల్లీలో ఇప్పుడు ఎటు చూసినా సీసీ కెమెరాలు, ఎల్‌ఈడీ స్ట్రిప్పులే. లోపలికి వెళ్తే మాత్రం రెసిస్టర్లు, కెపాసిటర్లు సొరుగుల్లో పెట్టుకుని అమ్మే పాత దుకాణాలు ఇంకా ఉన్నాయి. రెసిస్టర్లు విడిగా ఒకటీ రెండూ ఇవ్వనన్నాడు, అందుకే ప్రతి విలువలోనూ మిగులుతాయి. పారెయ్యకు, అగ్గిపెట్టెల్లో వేసి పైన విలువ రాసిపెట్టుకో. రూర్కెలాలో రాత్రి పదకొండింటికి 4.7 కె (కిలో ఓమ్స్) రెసిస్టర్ కావాలంటే ఎవరిస్తారు?

నీ లిస్టులో మొదటి ఐటమ్ చూసి షాపాయన నవ్వాడు. "కార్బన్ కంపోజిషన్ రెసిస్టర్లా? ఇప్పుడెవరు వాడుతున్నారమ్మా?" అన్నాడు. వెతికితే దొరికేవేమో, నేనే వద్దన్నాను. పాతకాలం పెడల్స్‌లో అవి ఉన్నది సౌండ్ బాగుంటుందని కాదు, అప్పట్లో చవగ్గా దొరికేవని. అవి గుస్ మంటాయి, తేమ తగిలితే విలువ మారిపోతుంది. గిటార్ నుంచి వచ్చేదే మిల్లీవోల్టుల్లో. దాన్ని వంద రెట్లు పెంచే చోట గుస్ మనే రెసిస్టర్ పెడితే ఆ గుస్ కూడా వంద రెట్లు పెరుగుతుంది. ఒక్క శాతం మెటల్ ఫిల్మ్ కొన్నాను. ఒంటి మీద నీలం రంగు పూత ఉన్నవి అవే.

రెండోది ఆ 4558 గొడవ, గిటార్ సిగ్నల్‌ని పెంచే ఐసీ. "జేఆర్‌సీ అని అచ్చు ఉన్నదే కావాలి, వేరేది వద్దు" అని రాశావు. ఐబనెజ్ వాళ్లు 1970ల చివర్లో తెచ్చిన ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్‌లో జేఆర్‌సీ కంపెనీదే ఉండేదని దానికింత పేరొచ్చింది. నిజమే, ఉండేది. మామూలు ఆడియో సామాన్లలో కూడా అదే ఉండేది. చర్లపల్లి యూనిట్లో నేను బోర్డులు చేసిన రోజుల్లో 4558లు ట్యూబులు ట్యూబులుగా వచ్చేవి, ఏ కంపెనీ అచ్చుందో ఎవరూ చూసేవాళ్లు కాదు. ఇప్పుడు ఆ అచ్చుకి గిరాకీ పెరిగింది కాబట్టి చెరిపేసి మళ్లీ అచ్చేసినవి కూడా అమ్ముతారు. నీకు మామూలు 4558 రెండు, దాని చోటే పట్టే టీఎల్072 ఐసీలు రెండు, ఎనిమిది కాళ్ల ఐసీ బేసులు పెట్టాను. ఐసీని బోర్డుకి నేరుగా అతికించకు. బేస్ అతికించి అందులో గుచ్చు. అప్పుడు ఒకటి తీసి ఇంకోటి పెట్టడానికి అర నిమిషం చాలు. నీ రూమ్మేట్‌ని మార్చమను, నువ్వు అటు తిరిగి వాయించు. ఏది ఏదో చూడకుండా చెప్పగలిగితే అప్పుడు జేఆర్‌సీ కొనిపెడతాను.

సౌండ్ అసలు ఎక్కడ తయారవుతుందో చెబుతాను, సర్క్యూట్ పక్కన పెట్టుకుని చూడు. ఐసీ అవుట్‌పుట్ నుంచి మళ్లీ ఇన్‌పుట్‌కి వచ్చే ఫీడ్‌బ్యాక్ దారిలో 51 కె రెసిస్టర్, దానికి వరసలో 500 కె డ్రైవ్ పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) ఉన్నాయి. కింద గ్రౌండ్ వైపు 4.7 కె. పాట్ మొత్తం తిప్పితే 551ని 4.7తో భాగించి ఒకటి కలుపు, సుమారు 118 రెట్లు పెరుగుతుంది, గెయిన్ అంటే అదే. గిటార్ నుంచి వంద మిల్లీవోల్టులు వచ్చాయనుకో, పన్నెండు వోల్టులు కావాలి. నీ బ్యాటరీయే తొమ్మిది! కానీ అంతదాకా పోనే పోదు. ఫీడ్‌బ్యాక్‌లోనే ఎదురెదురుగా పెట్టిన రెండు డయోడ్లు సుమారు 0.6 వోల్టుల దగ్గర తెరుచుకుని గెయిన్‌ని కిందికి లాగేస్తాయి. అలల తలలు నున్నగా వంగుతాయి, ఆ వంపే నువ్వు వినే ఓవర్‌డ్రైవ్. ఇక 4.7 కె కింద ఉన్న 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ చూడు. ఆ రెండూ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. దాని కిందికి వెళ్లేకొద్దీ గెయిన్ తగ్గుతుంది. లావు తీగలు వాయించినా బురద బురదగా లేకుండా, మధ్య స్వరాలు ముందుకు వచ్చేది ఇందువల్లే. 0.047 తీసి 0.1 పెట్టి చూడు, తేడా మీ నాన్నకి కూడా వినపడుతుంది. సెల్‌ఫోన్ రింగే వినపడని మనిషి.

అందుకే డయోడ్లు మూడు రకాలు పెట్టాను. ఎరుపు గాజుకి నల్ల గీత ఉన్నవి 1ఎన్4148, సిలికాన్. పొట్లంలో చుట్టినవి ఓఏ79, జర్మేనియం, 0.3 దగ్గరే తెరుచుకుంటాయి, సౌండ్ చిన్నదై ఎక్కువ నలుగుతుంది. మూడోవి ఎర్ర ఎల్‌ఈడీలు. అవి 1.7 దాకా ఆగుతాయి కాబట్టి సౌండ్ పెద్దగా, తేటగా వస్తుంది. వీటికి కూడా బేసు ముక్కలే వాడు, మార్చి మార్చి విను.

ఓఏ79 ఎక్కడివి అనుకుంటున్నావా? తాతయ్యవి. మల్కాజిగిరిలో రేడియోలు బాగుచేసిన రోజుల నాటి రేకు డబ్బా నా దగ్గరే ఉంది కదా. అందులో బెంగళూరు బీఈఎల్ వాళ్లు చేసిన ఏసీ128 జర్మేనియం ట్రాన్సిస్టర్లు కూడా దొరికాయి. ట్రాన్సిస్టర్ రేడియోల్లో స్పీకర్‌ని నడిపించేవి అవే. నువ్వు "ఎన్‌కేటీ275 ఎంతయినా సరే" అన్నావు చూడు, లండన్‌లో ఆర్బిటర్ వాళ్లు 1966లో తెచ్చిన గుండ్రటి ఫజ్ ఫేస్ పెడల్‌లో వాడిన ట్రాన్సిస్టర్లు, వాటి బదులు ఇవి శుభ్రంగా పనిచేస్తాయి. కాకపోతే జర్మేనియం అన్నాక ఏ రెండూ ఒకలా ఉండవు. అందుకని అన్నీ కొలిచి, ఒక్కోదానికి చీటీ కట్టి పంపాను.

ఎలా కొలిచానో కూడా నేర్చుకో. మల్టీమీటర్‌లో ట్రాన్సిస్టర్ గుచ్చే బొక్కలుంటాయే, జర్మేనియంకి దాని మాట నమ్మకు. లీకేజీని (బేస్ కాలికి ఏమీ ఇవ్వకపోయినా కారే కరెంటుని) కూడా గెయిన్‌లో కలిపేసి పెద్ద అంకె చూపిస్తుంది. ట్రాన్సిస్టర్ బేస్ కాలు ఖాళీగా వదిలి, కలెక్టర్ కాలికి 2.4 కె రెసిస్టర్ పెట్టి, తొమ్మిది వోల్టులిచ్చి, ఆ రెసిస్టర్ మీద వోల్టేజీ చూడాలి. అది లీకేజీ. తర్వాత బేస్‌కి 2.2 మెగోమ్ రెసిస్టర్ తగిలించాలి, సుమారు నాలుగు మైక్రోయాంపులు వెళ్తాయి. ఇప్పుడు వోల్టేజీ ఎంత పెరిగిందో దాన్నుంచి వచ్చేదే అసలు గెయిన్. ఒక తమాషా చూడు: కొలిచేటప్పుడు ట్రాన్సిస్టర్‌ని రెండు వేళ్ల మధ్య పట్టుకున్నానా, మీటర్‌లో అంకె మెల్లమెల్లగా పాకడం మొదలుపెట్టింది. వదిలేశాక మళ్లీ దిగింది. ఒంటి వేడికే అలా ఉంటే మన మే నెల ఎండకి ఏమవుతుందో ఆలోచించు. పది డిగ్రీలు పెరిగితే లీకేజీ దాదాపు రెట్టింపవుతుంది. చలికాలంలో తియ్యగా పలికిన ఫజ్ ఎండాకాలంలో తుప్పర్లు పడుతున్నట్టు ఆగి ఆగి పలికేది అందుకే.

చీటీ మీద "ఒకటి" అని ఉన్నది గెయిన్ డెబ్బై పైచిలుకు, ముందు పెట్టు. "రెండు" అన్నది నూట ఇరవై దరిదాపుల్లో, వెనక పెట్టు. ఫజ్ సర్క్యూట్ మొత్తం రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్లు. అంతే. కానీ 8.2 కె ఉన్న చోట ఫిక్స్‌డ్ రెసిస్టర్ పెట్టకు, 20 కె ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేసేది) పెట్టి రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర నాలుగున్నర వోల్టులు వచ్చేలా తిప్పు, ఆ తర్వాత చెవిని నమ్మి అటూ ఇటూ చెయ్. ఇంకో ముఖ్యమైన సంగతి, ఏసీ128 పీఎన్‌పీ. బ్యాటరీ పాజిటివ్ గ్రౌండ్‌కి వెళ్తుంది. మిగతా పెడల్స్ అన్నిటికీ నెగటివ్ గ్రౌండ్. రెండు రకాల్నీ ఒకే అడాప్టర్‌కి గొలుసులా తగిలిస్తే షార్టే. దీనికి బ్యాటరీయే పెట్టు. ఒక మిల్లీయాంపు తాగుతుందేమో, నెలల తరబడి వస్తుంది, జాక్ పీకెయ్యడం మర్చిపోకపోతే.

ఈ ఫజ్ పుట్టిందే చెడిపోయిన సామాను నుంచి, తెలుసా? 1960ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక రికార్డింగ్ జరుగుతుంటే మిక్సింగ్ కన్సోల్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పాడై బేస్ గిటార్ గరగరమంది. తీసెయ్యకుండా అలాగే ఉంచారు. ఆ ఇంజనీర్ గ్లెన్ స్నాడీ, ఇంకొకాయనతో కలిసి అదే గరగర కావాలని వచ్చేలా ట్రాన్సిస్టర్లతో సర్క్యూట్ చేశాడు. గిబ్సన్ వాళ్లు దాన్ని 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అమ్మారు. మామూలు సెల్లులు రెండు, మూడు వోల్టులు, అంతే దాని తిండి. ఆ రోజు వాళ్ల బల్ల మీద ఏ అచ్చు ఉన్న ట్రాన్సిస్టర్ దొరికిందో దానితోనే చేసి ఉంటారు. నువ్వు అరవై ఏళ్ల తర్వాత ఒక నంబర్ కోసం స్టైపెండ్ తగలేస్తానంటున్నావు!

కాలితో నొక్కే స్విచ్ గల్లీలో దొరకలేదు. తొమ్మిది కాళ్లదని చెబితే ఒకాయన "ఏ మిషన్‌దమ్మా?" అని అడిగాడు. ఆన్‌లైన్‌లో నీ అడ్రస్‌కే పెట్టాను. దాని ఒళ్లు ప్లాస్టిక్, ఒక కాలు మీద సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఉంచితే లోపల కరిగి చచ్చిపోతుంది. ఒకటి అతికించు, ఊదు, కాసేపాగి ఇంకోటి. ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి ఒక మెగోమ్ పెట్టడం మర్చిపోకు, లేకపోతే నొక్కినప్పుడల్లా టప్ మంటుంది. డబ్బా ట్రూప్ బజార్‌లో కొన్నాను. కరెంటు వాళ్లు వాడే అల్యూమినియం జంక్షన్ బాక్సు. స్టీలుది చూడ్డానికి బాగుంటుంది గానీ బొక్క పెట్టాలంటే డ్రిల్ బిట్ అరిగిపోతుంది. ప్లాస్టిక్ డబ్బాలో మాత్రం పెట్టకు, మీ హాస్టల్ ట్యూబ్‌లైట్ల హమ్మంతా లోపలికొస్తుంది.

సోల్డరింగ్ గురించి నీకు చెప్పక్కర్లేదనుకున్నాను, పోయినసారి పంపిన ఫోటో చూశాక చెప్పాలనిపించింది. నాలుగు చోట్ల పాకం గడ్డకట్టినట్టు ముద్దలున్నాయి. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, లోపల డ్రై సోల్డర్. ఐరన్ కొసని బోర్డు రేకుకీ కాలుకీ రెండిటికీ ఆనించి, రెండూ వేడెక్కాక సోల్డర్‌ని వాటికి తగిలించాలి, ఐరన్‌కి కాదు. కరిగి పారి కాలు చుట్టూ చిన్న కొండలా నిలబడితే సరి. కిటికీ తెరిచిపెట్టు. ఆ పొగ సీసం పొగ కాదు, రోజిన్ పొగ, నీ ఆయాసానికి మాత్రం అది చాలు. సీసం చేతులకి అంటుతుంది, కడుక్కోకుండా బిస్కెట్ ప్యాకెట్‌లో చెయ్యి పెట్టకు.

సౌండ్ రాకపోతే టెన్షన్ పడి అన్నీ పీకెయ్యకు. ముందు మీటర్ తియ్యి. ఐసీ ఎనిమిదో కాలు మీద తొమ్మిది, నాలుగో కాలు మీద సున్నా, ఒకటి, ఏడు మీద సగం రావాలి. అవి సరిగ్గా ఉంటే ప్రోబ్ చేసుకో: ఆంప్‌కి వెళ్లే కేబుల్ కొసకి 0.1 కెపాసిటర్ తగిలించి, గ్రౌండ్ క్లిప్పు డబ్బాకి పెట్టి, ఇన్‌పుట్‌లో ఫోన్ నుంచి ఏదో ఒక పాట వదులు. ఇన్‌పుట్ దగ్గర్నుంచి ఒక్కో కాలునీ ముట్టుకుంటూ పో. పాట ఎక్కడ ఆగిపోయిందో దానికీ దాని ముందుదానికీ మధ్య ఉంది తప్పు. యూనిట్లో మేం సగం బోర్డుల్ని ఇలాగే బతికించేవాళ్లం.

ఫ్రెండ్స్ కోసం చేసి అమ్ముతానంటున్నావట, మీ నాన్న చెప్పారు. నీ పెడల్ ఒక సెమిస్టర్ మొత్తం కాళ్ల కింద నలిగాక మాట్లాడదాం. తాతయ్య డబ్బాలోవి మాత్రం ఎవరికీ ఇచ్చేది లేదు.

నాన్న అడాప్టర్ కూడా పెట్టమన్నారు, నేనే పెట్టలేదు. ఇక్కడ మామూలుగా దొరికేవి ఎక్కువగా సెంటర్ పాజిటివ్ (ప్లగ్గు మధ్యలో పాజిటివ్), నీకు కావాల్సింది సెంటర్ నెగటివ్. అయినా, పొరపాటున తిరగేసి తగిలించినా కాపాడేలా 1ఎన్4001 డయోడ్ ఒకటి సప్లయ్ మీద అడ్డంగా పెట్టుకో. తొమ్మిది వోల్టుల బ్యాటరీలు పార్సిల్‌లో పెట్టలేదు, అక్కడే కొనుక్కో, ఆల్కలైన్‌వి కొను.

అమ్మ